గువ్వ కింద గుడ్డు

కిందటి వారం మీరు నన్ను బల్ల కింద వదిలేసి పుస్తకం మూసేశారు. నేనింకా అక్కడే ఉన్నాను. మోకాళ్ళు పట్టేశాయి.

ఎవరి బల్ల, దాని కిందికి ఎందుకు దూరానో మర్చిపోయినవాళ్ళకీ, ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్తాను. మాది ఐడీ కార్డులు, నేంప్లేట్లు, స్టిక్కర్లు చేసే షాపు. షాపు మా మామయ్యది, అంటే నాకు పిల్లనిచ్చిన మామయ్యది. ముందు గదిలో అద్దాల తలుపు పక్కన ఒక కుర్చీ, ఒక కంప్యూటరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ కుర్చీ నాది. వచ్చినవాళ్ళు ముందు నా మొహం చూడాలి, నా జోకు వినాలి, తర్వాతే ఫోటో తీయించుకోవాలి. వెనక గదిలో ఇంకో కంప్యూటరు ఉంది, అది మా తోడల్లుడిది. అతని లాప్‌టాప్ మూత మీద పెంగ్విన్ బొమ్మ ఉంటుంది. నడక కూడా ఇంచుమించు అదే. అందుకని నేను అతన్ని పెంగ్విన్ అంటాను. రెండు గదులకీ మధ్య సన్నటి గదిలో లామినేషన్ మిషన్ దగ్గర మా ఆవిడ ఉంటుంది.

పాత సిస్టమ్‌లు మొండికేశాక పెంగ్విన్ రెండింట్లోనూ 'గువ్వ' అనేది ఎక్కించాడు. తెర మీద కనబడే మెనూ, కిటికీలు, బొమ్మలు అన్నీ దాని పనే. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో తలో చెయ్యీ వేసి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలిపెట్టిన సరుకు. అతను ముట్టుకుంటే గువ్వ బుద్ధిగా మూలన కూర్చుంటుంది. నేను ముట్టుకుంటే తెర నల్లబడి మధ్యలో ఒక పెట్టె లేస్తుంది. "గువ్వ ఎగిరిపోయింది. మళ్ళీ పిలవమంటారా?" అని.

మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నేనే ఏదో ఆకతాయి పని చేశానంటారు. మౌసు కింద టేపు అంటించేవాడిని, కీబోర్డు మీద అక్షరాలు పీకి అటూ ఇటూ మార్చి పెట్టేవాడిని, నా మాట ఎవరు నమ్ముతారు. నాన్నా పులి కథలో పులి నిజంగా వచ్చిన రోజు ఆ కుర్రాడికి ఎలా ఉండి ఉంటుందో ఈ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు.

చివరికి మామయ్య తీర్పిచ్చాడు. నర్సింగ్ స్కూలు వాళ్ళ కార్డులు సగం నాకు, సగం పెంగ్విన్‌కి. ఈ సాయంత్రంలోగా ఎవరివి సాఫీగా పూర్తయితే ముందు కుర్చీ వాళ్ళది. రెండోవాళ్ళు వెనక గదికి. అందుకని భోజనాల వేళ అందరూ చేతులు కడుక్కుంటుంటే నేను పెంగ్విన్ బల్ల కింద దూరాను. ఒక వైరు కాస్త వదులు చేద్దామని. అతని గువ్వ కూడా ఒక్కసారి ఎగిరితే ఎలా ఉంటుందో చూద్దామని. అంతలో అడుగులు వినబడ్డాయి, పెంగ్విన్ గొంతు తగ్గించి అన్నాడు:

"వాళ్ళు ఇవాళే వస్తున్నారు వదినా. వచ్చి వెళ్ళేదాకా అన్నయ్యకి మాత్రం తెలియకూడదు."

అక్కడ ఆగాం. ఇప్పుడు వినండి.

"నాకు చెప్పాలా మరిదిగారూ," అంది మా ఆవిడ. అని నవ్వింది.

బల్ల కింద ఉన్న మనిషికి మాటలకన్నా నవ్వులు బాగా వినబడతాయి. మా ఆవిడకి నవ్వులు రకరకాలు. కస్టమర్లకి ఒకటి. వాళ్ళ నాన్న చెప్పిన జోకే మళ్ళీ చెప్తే ఒకటి. ఇది ఆ రెండూ కాదు. నేను మామయ్య ఐడీ కార్డు మీద హోదా దగ్గర 'ట్రైనీ' అని కొట్టి ఆయన మెడలో వేసినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు ఇది. దాని మీద సర్వహక్కులూ నావేననుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు చూస్తే అది కూడా గువ్వలాంటిదే అయింది. ఎవరైనా వాడుకోవచ్చు.

నా కళ్ళ ముందు ఆవిడ చెప్పులు, పక్కన అతని బూట్లు. ఆ బూట్లకి తాళ్ళు ఎప్పుడూ ఒకే పొడవున కట్టి ఉంటాయి. అలాంటి మనిషిని ఎవరు నమ్మరు చెప్పండి.

"టీ తెస్తాను వదినా, మీకు చక్కెర తక్కువేగా," అన్నాడు.

తక్కువ. నాకు పెళ్ళయిన చాన్నాళ్ళకి గాని తెలియలేదు.

బూట్లు వీధిలోకి, చెప్పులు లామినేషన్ గదిలోకి వెళ్ళిపోయాయి. నేను తొందరగా లేవబోయి నడినెత్తి బల్లకి కొట్టుకున్నాను. అరవకూడదు కాబట్టి ఆ అరుపు కూడా మింగాను. బయటికొచ్చి చూస్తే తెర వెలుగుతూనే ఉంది. పెంగ్విన్ కంగారులో మూసి వెళ్ళలేదు.

సరే, వైరు సంగతి తర్వాత. ముందు ఈ మహానుభావుడి గువ్వ సంగతేమిటో చూద్దామని అతని కుర్చీలో కూర్చున్నాను.

నా సిస్టమ్ మీద నేను పడ్డ పాట్లు మీకు తెలిసినవే. పొద్దున షట్టర్ ఎత్తి చూస్తే నిన్న తెర కింద ఉన్న మెనూ పట్టీ ఇవాళ పైన ఉండేది. చిన్నది చేసిన కిటికీ మళ్ళీ పెద్దదయ్యేది కాదు, అలిగి పుట్టింటికి పోయినట్టు ఎక్కడుందో తెలిసేది కాదు. ఫోటో కత్తిరిస్తూ ప్రింటు నొక్కితే ప్రింటు పెట్టె వచ్చి ఫోటో వెనక దాక్కునేది. నేను అది కనబడక మళ్ళీ నొక్కేవాడిని, మళ్ళీ నొక్కేవాడిని, చివరికి అన్ని పెట్టెలూ కలిసి ఒకేసారి ప్రింటరు మీద పడేవి. ఒక నర్సమ్మాయి మొహం కింద స్కూలు వాచ్‌మన్ పేరు వచ్చింది. ఆ వాచ్‌మన్ కార్డు చూసి, "ఈ ఫోటో బాగుంది, ఇదే ఉంచండి," అన్నాడు. మామయ్య మాత్రం నవ్వలేదు.

ఇక్కడ నేను ఆ పాపాలన్నీ వరసగా చేశాను. పట్టీ పట్టుకుని పక్కకి లాగాను. బుద్ధిగా పక్కకెళ్ళి కూర్చుంది. కిటికీలు చిన్నవి చేశాను, పిలిస్తే వచ్చాయి. ఫోటో కత్తిరిస్తూ ప్రింటు నొక్కాను. పెట్టె ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డట్టు నిలబడింది. మళ్ళీ నొక్కాను. "ఇదివరకే తెరిచారు," అని మర్యాదగా చెప్పింది.

మర్యాద కూడా అతనికే.

మనుషులంటే సరే. మా మామయ్యకి చదువుకున్న అల్లుడంటే మక్కువ, అర్థం చేసుకున్నాను. మా ఆవిడకి చక్కెర గుర్తుపెట్టుకునే మరిది, అదీ కష్టపడి మింగాను. ప్రాణం లేని కంప్యూటరు కూడా మనిషిని చూసి నడుస్తుందా అని కాసేపు కుడిపక్క మూలన కూర్చున్న ఆ గువ్వ బొమ్మ వంకే కోపంగా చూశాను. అది నా వంక చూసింది.

అప్పుడు కనబడింది తేడా.

నా సిస్టమ్‌లో గువ్వ బొమ్మ కింద చిన్న తెల్ల గుడ్డు ఉంటుంది. దాన్ని నేను మొదటి రోజే చూశాను. చూసి ముచ్చటపడ్డాను కూడా. కంప్యూటరు నిదానించినప్పుడల్లా కస్టమర్లతో, "మా గువ్వ గుడ్డు పెట్టింది, కాస్త పొదగనివ్వండి," అనేవాడిని. జనం నవ్వేవాళ్ళు. ఇక్కడ పెంగ్విన్ గువ్వ కింద గుడ్డు లేదు. వట్టి కొమ్మ మీద కూర్చుని ఉంది.

నాకు కంప్యూటరు రాదు గాని మనుషులకి తెలియకుండా పనులు చెయ్యడం వచ్చు. ఒకేలా ఉండాల్సిన రెండు చోట్ల ఒక్క చిన్న తేడా ఉందంటే, అక్కడ ఎవరిదో చెయ్యి పడిందని అర్థం. నేను అలాంటి తేడాలు బోలెడు పెట్టాను కాబట్టి చెప్తున్నాను.

అతను టీ గ్లాసుల స్టాండు పట్టుకుని వచ్చేసరికి నేను అతని కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాను.

"రా తమ్ముడూ, కూర్చో," అన్నాను. "కూర్చోడానికి కుర్చీ లేదనుకో. బల్ల కింద బాగానే ఉంటుంది, ఇప్పుడే చూసొచ్చాను."

టీ తొణికింది. "మీరు భోజనానికి వెళ్ళలేదా అన్నయ్యా?"

"వెళ్తే మీ కబుర్లు ఎవరు వింటారు. సరే గాని ఒక్క సందేహం. నీ గువ్వ గుడ్డు పెట్టలేదేం? గొడ్డుదా?"

అతను స్టాండు కింద పెట్టాడు. పెట్టి గ్లాసుల్ని సరిచేశాడు. సరిగ్గా ఉన్నవాటినే మళ్ళీ సరిచేశాడు. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నేను చిన్నప్పటి నుంచీ అద్దంలో చూస్తున్నాను, నాకు కొత్త కాదు.

"అన్నయ్యా, అది..."

"నెమ్మదిగా చెప్పు. నాకు చదువు తక్కువ."

"గుడ్డు లేనిది అందరూ వాడేది. గుడ్డున్నది ఇంకా తయారవుతున్నది. అంటే పచ్చిది. రోజూ ఏదో ఒకటి మారుస్తుంటారు, రోజూ ఏదో ఒకటి విరుగుతుంటుంది. ఎవరైనా వాడి, ఎక్కడ విరిగిందో చెప్తే వాళ్ళు బాగుచేస్తారు. మీ దాంట్లో రెండూ ఉన్నాయి. సిస్టమ్‌లోంచి బయటికొచ్చి, అంటే లాగౌటై, మళ్ళీ లోపలికెళ్ళేటప్పుడు ఏ గువ్వ కావాలని అడుగుతుంది. ఒక్క నొక్కు. నేను గుడ్డున్నది వచ్చేలా పెట్టి వదిలేశాను."

"అంటే ఇన్నాళ్ళూ నేను పచ్చి గోడ మీద మేడ కడుతున్నానన్నమాట. కూలినప్పుడల్లా మామయ్య, 'పెద్దల్లుడూ, మళ్ళీ మొదలెట్టావా,' అంటుంటే నువ్వు పక్కన నిలబడి పాపం అన్నట్టు మొహం పెట్టావు. ఆ మొహం ఎక్కడ నేర్చుకున్నావు? బాగుంది, నాక్కూడా నేర్పు."

"మొదట కొన్నాళ్ళే అనుకున్నాను అన్నయ్యా."

"ఎందుకు పెట్టావు, అది చెప్పు. ముందు కుర్చీ కోసమేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఆ అబ్బాయి మొహంలో నేను ఎన్నడూ చూడనిది ఒకటి కనబడింది. చదువుకున్నవాళ్ళ మొహంలో అది ఉంటుందని నేననుకోలేదు.

"నేను చదువుకునే రోజుల నుంచీ గువ్వ వాడుతున్నాను," అన్నాడు. "పచ్చిదాంట్లో కొత్త తప్పు ఒక్కటి పట్టుకుని వాళ్ళకి చూపించాలని, వాళ్ళ మనుషుల్లో ఒకడిగా ఉండాలని నా కోరిక. సెలవులన్నీ కూర్చున్నాను. ఎంత వెతికినా ఇదివరకే ఎవరో చూసింది తప్ప కొత్తది దొరకలేదు. నేను జాగ్రత్తగా వాడతాను కదా, ఏదీ విరగదు. మీరొచ్చి కూర్చున్నారు. టీ తాగుతూ, ఫోన్ మాట్లాడుతూ, మోచెయ్యి కీబోర్డు మీద పెట్టి, మొదటి రోజే ఎగరగొట్టేశారు. ఎవరూ ఎప్పుడూ చూడని తప్పు. మర్నాడు ఇంకోటి. మీ మోచేతికి దొరికింది నా బుర్రకి దొరకలేదన్నయ్యా. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు, తెలుసా."

నేను నవ్వబోయాను. రాలేదు. వీడి గువ్వ ఎగరడం లేదని నేను ఏడుస్తుంటే, నా గువ్వ ఎగురుతోందని వీడు ఏడుస్తున్నాడు. ఒకే ఇంటి అల్లుళ్ళం, ఒకే పొయ్యి మీద రెండు పక్కలా కూర్చుని కాలుతున్నాం.

"అయితే ఆ తప్పులన్నీ వాళ్ళకి పంపావా?"

"సిస్టమే పంపుతుంది. ఎగిరినప్పుడల్లా దానంతటదే వెళ్ళేలా పెట్టాను."

"ఎవరి పేరు మీద?"

అతను మళ్ళీ గ్లాసులు సరిచేశాడు.

"తమ్ముడూ, ఎవరి పేరు మీద వెళ్తున్నాయి నా తప్పులు?"

"వాళ్ళు నేనే అనుకున్నారు," అన్నాడు మెల్లిగా. "నేను కాదనలేదు."

జీవితంలో నేను చేసిన మంచిపనులు తక్కువ, వాటిని ఎవరైనా ఎత్తుకెళ్తే బాధపడతానని తెలుసు. నా తప్పుల్ని కూడా ఎత్తుకెళ్తారని, దానికీ ఇంత మండుతుందని తెలియదు. నేనొక్కడినే, నా సొంత మోచేత్తో, ఎవరి సాయం లేకుండా చేసిన తప్పులవి.

"ఆ వచ్చేవాళ్ళెవరు?"

"గువ్వని తయారుచేసేవాళ్ళలో ఒకావిడ. ఈ వైపు పనుండి వస్తోంది. 'అందరికీ దొరకని తప్పులు మీకే దొరుకుతున్నాయి, ఒకసారి మిమ్మల్ని చూడాలి,' అని రాసింది."

"నిన్ను చూడాలని?"

"నన్ను."

గుమ్మం దగ్గర చప్పుడైంది. మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో ఇప్పుడే మిషన్లోంచి తీసిన కార్డులు, వాటి వేడికి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"ఈ పేరు సంగతి నాకు చెప్పలేదే మరిదిగారూ," అంది. "షాపు చూడ్డానికి వస్తున్నారన్నారు. అంతేనన్నారు."

పెంగ్విన్ నేల వంక చూశాడు. నేను ఆవిడ వంక చూశాను.

"నువ్వు తర్వాత అడుగుదువుగాని. ముందు నేనడుగుతాను. గుడ్డు సంగతి నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి వారం నుంచి. ఇతనే వచ్చి చెప్పాడు. 'తప్పు చేశాను వదినా, తీసేస్తాను,' అన్నాడు. ఎలా తియ్యాలో కూడా చూపించాడు. నేనే వద్దన్నాను."

బల్ల కొట్టుకున్న చోట నెత్తి మళ్ళీ నొప్పెట్టింది. "నువ్వా?"

"నేనే. కేకలెయ్యకండి, ముందు గదిలో నాన్న ఉన్నారు."

"నేనెక్కడ కేకలేశాను. నాకు గొంతెక్కడుంది. మొగుడు రోజూ అందరి ముందూ వెర్రివెధవ అవుతుంటే చూసి నవ్వుకున్నావన్నమాట, మరిదీ నువ్వూ కలిసి."

ఆవిడ కార్డులు బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద ఒకటి సర్దింది. పనిలో ఉన్నట్టు కనబడాలనుకున్నప్పుడు అలాగే చేస్తుంది.

"ముందు కుర్చీలో మీరు కూర్చుంటారు," అంది. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ జోకులు. నేను ఆ సందులాంటి గదిలో మిషన్ పక్కన. జనం పగలబడి నవ్వడం నాకు వినబడేది. ఎందుకు నవ్వారో వినబడేది కాదు. ఇంటికెళ్ళాక అడిగితే, 'ఏదో అన్నాన్లేవే, గుర్తులేదు,' అనేవారు. జోకులన్నీ షాపులోనే అయిపోయేవి మీకు. ఇంటికి ఖాళీ మనిషి వచ్చేవారు."

ఆవిడ కార్డుల కట్టని మళ్ళీ సర్దింది.

"ఈ గువ్వ ఎగరడం మొదలుపెట్టాక, ఎగిరినప్పుడల్లా మీరు లేచి నా దగ్గరికొచ్చి మొరపెట్టుకుంటున్నారు. మెనూ పోయిందే అని ఒకసారి, వాచ్‌మన్‌కి నర్సు మొహం వచ్చిందే అని ఒకసారి. స్టూలు లాక్కుని కూర్చుని చెప్తున్నారు. నేను నవ్వుతున్నాను. అందుకే తియ్యొద్దన్నాను. ఆ కుర్చీ పోతుందని, పందెం దాకా వస్తుందని అనుకోలేదు."

అసూయ నా ఒక్కడి సొత్తనుకున్నాను. షాపులో ముగ్గురున్నాం, ముగ్గురి దగ్గరా నిండుగా సరుకుంది. బోర్డు పెట్టి అమ్ముకోవచ్చు. తమాషా ఏమిటంటే, ఇంత విన్నాక కూడా నా కడుపుమంట తగ్గలేదు. కొంచెం పక్కకి జరిగిందంతే. ఆవిడ ఇదంతా నాకు చెప్పకుండా ముందు అతనికి చెప్పింది కదా అన్న చోట వెళ్ళి కూర్చుంది.

ఏదో ఒకటి అనాలి. నాకు తెలిసిన భాష ఒకటే. "అంటే గువ్వ ఎగిరితే గాని మొగుడు నీ పక్కన వాలడనా," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నా వంక, తర్వాత అతని వంక చూసింది.

"మీ ఇద్దరూ తేల్చుకోండి. నాన్న లేచి భోంచేస్తారు, నేను వెళ్ళి ముందు కూర్చుంటాను," అని వెళ్ళిపోయింది. కార్డులు మర్చిపోయింది. ఆవిడ ఏదీ మర్చిపోదు. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు, అదే నా తెలివి.

మేమిద్దరం తేల్చుకున్నదేం లేదు. చల్లారిపోయిన టీ చెరొకటి తాగాం. అందులో చక్కెర తక్కువగా ఉన్న గ్లాసు నాకే వచ్చింది.

కాసేపటికి ముందు గదిలోంచి మామయ్య పిలిచాడు. "చిన్నల్లుడూ, నీ కోసం ఎవరో వచ్చారు."

పెంగ్విన్ చొక్కా సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నా వంక చూశాడు. ఏమీ అడగలేదు. నేనేమీ ఇవ్వలేదు. వెనకే వెళ్ళాను.

వచ్చినావిడకి నా వయసే ఉంటుంది. భుజాన సంచి, సంచి మీద గువ్వ బొమ్మ. గుడ్డుతో సహా. మామయ్య అప్పుడే భోంచేసి చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. మా ఆవిడ నా కుర్చీ వెనక గోడకి ఆనుకుని ఉంది. కుర్చీ ఖాళీ.

"మీరేనా అండీ," అంది ఆవిడ పెంగ్విన్‌ని చూసి, ఎంతో సంబరంగా. "మేం మీ గురించి చెప్పుకోని రోజు లేదు. 'గువ్వ ఎగిరిపోయింది, మళ్ళీ పిలవమంటారా,' అని తెలుగులో రాసింది నేనే. నా మాటల్ని ప్రపంచంలో అందరికన్నా ఎక్కువసార్లు చదివింది మీరే అయ్యుంటారు."

నేను గొంతు సవరించుకున్నాను. ఆ మాటలు నాకు కలలో కూడా వస్తాయి.

"ఒకసారి నా కళ్ళ ముందు చేసి చూపిస్తారా?" అంది. "ఆ ప్రింటు పెట్టెలది. మేం ఎంత ప్రయత్నించినా మా దగ్గర జరగట్లేదు. మీ చెయ్యి ఎలా కదులుతుందో చూద్దామని ఇంత దూరం వచ్చాను."

పెంగ్విన్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. నా కుర్చీ. కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది, వెన్ను నిటారుగా, మోచేతులు గాలిలో. అలా కూర్చుంటే ఏ గువ్వ ఎగురుతుంది. ఫోటో తెరిచాడు, ప్రింటు నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. కిటికీలు మూశాడు, తెరిచాడు. ఏమీ కాలేదు. అన్నీ వరసగా, చక్కగా, పిలిచినట్టు వచ్చాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"భేష్," అన్నాడు మామయ్య. ఆయనకి ఈ గొడవేం తెలియదు. "చూశారా అమ్మా, మా చిన్నల్లుడి చేతిలో ఎంత సాఫీగా నడుస్తుందో. ఇదే కుర్చీలో మా పెద్దవాడు కూర్చుంటే గంట నడవదు."

వచ్చినావిడ మొహం వాడిపోయింది. ఆవిడకి కావలసింది విరగడం. మామయ్యకి కావలసింది విరగకపోవడం. పెంగ్విన్ మధ్యలో నలిగిపోతూ నా వంక చూశాడు. చిన్నప్పుడు పరీక్ష హాల్లో పక్కవాడి వంక నేను చూసిన చూపు అది.

"పెద్దవాడంటే?" అంది ఆవిడ.

ఆవిడ కళ్ళు షాపంతా తిరిగి నా మోచెయ్యి దగ్గర ఆగాయి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు చూడండి, నాకు ఆ రెండూ ఒకే కుర్చీలో కనబడ్డాయి. కూర్చుని ఎగరగొడితే, ఆ తప్పులు చేసిన మగాడిని నేనేనని ఈవిడకి తెలుస్తుంది. ప్రపంచానికి తెలుస్తుంది. కాని మామయ్య తన కళ్ళతో చూస్తాడు, కుర్చీ పోతుంది, నేను వెనక గదికి. ఊరుకుంటే కుర్చీ ఎలాగూ పెంగ్విన్‌దే, పేరూ అతనిదే.

కుర్చీ పోతే పోనీ అనుకున్నాను. నా తప్పులు నావి. అవి వేరేవాడి పేరు మీద తిరగడం నేను చూడలేను.

"లే తమ్ముడూ," అన్నాను.

"నువ్వు ముట్టుకోకు పెద్దల్లుడూ," అన్నాడు మామయ్య.

"ఒక్కసారి మామయ్యా. తర్వాత మీరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను."

పెంగ్విన్ లేచాడు. లేస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు, కాస్త నొక్కాడు. అందులో క్షమించమనా, వద్దనా, నాకర్థం కాలేదు. నేను కూర్చున్నాను. నా ఒంటికి అలవాటైన గుంత కుర్చీలో అలాగే ఉంది. ఫోటో తెరిచాను. మోచెయ్యి ఎప్పటిలాగే కీబోర్డు అంచు మీద పెట్టాను. వచ్చినావిడ ఊపిరి బిగబట్టి వంగింది. ప్రింటు నొక్కాను. నొక్కాను. నొక్కాను.

"ఇదివరకే తెరిచారు," అంది తెర, ఎంతో మర్యాదగా.

ఇంకా నొక్కాను. పట్టీ లాగాను. కిటికీలన్నీ ఒకేసారి చిన్నవి చేశాను. నా జీవితంలో నాకున్న చెడ్డ అలవాట్లన్నీ ఆ మౌసు మీద గుమ్మరించాను. ఒక్కటీ విరగలేదు.

"అదిగో, ఇన్నాళ్ళకి నీకూ పని వంటబట్టింది," అన్నాడు మామయ్య సంతోషంగా. నా ప్రాణానికి ఆయన నన్ను మెచ్చుకున్న మొదటిసారి అదే, అదీ ఇలాంటప్పుడు. వచ్చినావిడ సంచి భుజానికి సర్దుకుంది. పెంగ్విన్ నోరు తెరుచుకుని తెర మూలకి చూస్తున్నాడు. నేనూ అక్కడికే చూశాను.

గువ్వ ఉంది. కింద గుడ్డు లేదు.

బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళేటప్పుడు ఒక్క నొక్కు. అది తెలిసినవాళ్ళు షాపులో ముగ్గురే. అందులో ఇద్దరం అప్పుడు వెనక గదిలో చల్లటి టీ తాగుతూ ఉన్నాం.

తల తిప్పి చూశాను. మా ఆవిడ గోడకి ఆనుకునే ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మామయ్య ముందు నా పరువు కాపాడిందో, ఆ వచ్చినావిడ ముందు మరిది పేరు కాపాడిందో, ఇద్దరికీ కలిపి బుద్ధి చెప్పిందో ఆ కళ్ళలో ఎక్కడా రాసి లేదు. చేతి వెనక మాత్రం నవ్వు ఉంది. అది నాకు బాగా తెలిసిన నవ్వే. ఎవరి కుర్చీ కిందో ఏదో పెట్టి వచ్చాక, వాళ్ళు కూర్చునేదాకా నేను ఆపుకునే నవ్వు.